అడగడమే ఔషధం
విహారయాత్రలో ఆహారం పడని పిల్లల సంరక్షణ

వేసవి సెలవులు వచ్చాయంటే పిల్లల మనసంతా వినోద ఉద్యానవనాలపైనే ఉంటుంది. హైదరాబాద్ శివారులోని రామోజీ ఫిల్మ్ సిటీకో, రావిర్యాలలోని వండర్‌లాకో తీసుకువెళ్ళమని పట్టుబడతారు. ఆలుబిడ్డలను సంతోషపెట్టడం కూడా పుణ్యకార్యమే గనుక మనమూ కాదనము. బయలుదేరే ముందు అక్కడ నమాజుకు చోటు ఉందా, హలాల్ భోజనం దొరుకుతుందా అని విచారిస్తాము. అయితే వేరుశెనగో, పాలో, గుడ్డో, రొయ్యో పడని బిడ్డ ఇంట్లో ఉన్నప్పుడు ఆ విచారణ అక్కడితో ముగియరాదు.

'పడదు' అంటే ఏమిటి?

ఈ మాటను మనం చాలా తేలికగా వాడతాము. పాలు తాగితే కడుపు ఉబ్బినా, వంకాయ తింటే దురద పుట్టినా, కాకరకాయ రుచించకపోయినా 'పడదు' అనే అంటాము. అందుకే నిజమైన అలెర్జీని కూడా పెద్దలు ఆ కోవలోనే జమకడతారు. అలెర్జీ ఉన్న బిడ్డ శరీరంలోని రక్షణ వ్యవస్థ ఆ పదార్థాన్ని శత్రువుగా ఎంచి దానిపై తిరగబడుతుంది. సాధారణంగా కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల లోపల దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు కనిపిస్తాయి. తీవ్రరూపం దాల్చితే గొంతు బిగుసుకుంటుంది, ఊపిరి అందదు, రక్తపోటు పడిపోతుంది. వైద్యులు దీనిని అనాఫిలాక్సిస్ అంటారు. ఇది ప్రాణాంతకం కాగలదు. కొందరు పిల్లలకు ఒక గిన్నెలోని గరిటె మరో గిన్నెలో పెట్టినంత మాత్రాన అంటే పదార్థమే చాలు.

బిస్మిల్లాహ్ అని తినిపిస్తే చాలదా?

విందులలో, ప్రయాణాలలో బంధువులు ప్రేమతోనే ఈ మాట అంటారు: "అల్లాహ్ పేరు తలచి తినిపించండి, ఏమీ కాదు." బిస్మిల్లాహ్ మన భోజనానికి శుభారంభం, సందేహం లేదు. కానీ ఒంటెను కట్టివేసి ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయమని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు. జాగ్రత్తను వదిలివేయడం తవక్కుల్ అనిపించుకోదు. దివ్య ఖుర్ఆన్ మన ఆహారం హలాల్‌గా ఉండాలని చెప్పి ఊరుకోలేదు, తయ్యిబ్‌గా, అంటే మేలైనదిగా కూడా ఉండాలని చెప్పింది. వేరుశెనగ హలాలే. అయినా అది ప్రాణం మీదికి తెచ్చే బిడ్డకు మేలైన ఆహారం కాజాలదు.

అబూ దావూద్ హదీసు గ్రంథంలో హజ్రత్ జాబిర్ (రజి) ద్వారా ఒక ప్రయాణపు సంఘటన మనకు చేరింది. తలకు గాయమైన ఒక వ్యక్తికి స్నానం విధి అయింది. తనకు తయమ్ముమ్ చేసే వెసులుబాటు ఉందా అని అతడు తోటివారిని అడిగాడు. నీరు దొరుకుతున్నది గనుక లేదని వారు చెప్పారు. అతడు స్నానం చేసి మరణించాడు. ఈ సంగతి తెలిసి దైవప్రవక్త (స) తీవ్రంగా ఆగ్రహించారు. తెలియనప్పుడు అడగవలసింది కాదా అని మందలించి, అజ్ఞానానికి ప్రశ్నయే చికిత్స అని తెలియజేశారు. తెలియకుండా 'ఏమీ కాదు' అని తీర్పు చెప్పడం ఎంత ప్రమాదమో ఇంతకు మించి ఎవరు చెప్పగలరు?

వంటశాలలో దాగిన ప్రమాదం

మా మనుమడికి వేరుశెనగ పడదు. నిరుడు మేము కుటుంబసమేతంగా ఒక ఉద్యానవనానికి వెళ్ళినప్పుడు బిర్యానీ కౌంటరు వద్ద హలాల్ పత్రం చూశాము. మిర్చీ కా సాలన్‌లో ఏముందని అడిగితే వడ్డించే కుర్రవాడు "మిర్చీయే సాబ్, ఇంకేమీ లేదు" అన్నాడు. వంటవాణ్ణి పిలవమని కోరాము. వెనుక వరుసలోనివారు విసుక్కున్నారు. వంటవాడు వచ్చి, అందులో పల్లీలు, నువ్వులు నూరి కలిపామనీ, ఆ గరిటెతోనే రైతా కూడా వడ్డిస్తున్నారనీ చెప్పాడు. లోపలి నుంచి వేరే పాత్రలో తెల్లన్నం, పెరుగు తానే తెచ్చి ఇచ్చాడు. కుర్రవాడు అబద్ధమాడలేదు, అతనికి తెలియదు. అందుకే తెలిసినవారిని అడగాలి.

మన వంటకాలలో ఇటువంటివి అనేకం. బగారా బైంగన్‌లో పల్లీలు, నువ్వులు పడతాయి. కుర్మాలో జీడిపప్పు ముద్ద, హలీంలో గోధుమలు, డబుల్ కా మీఠాలో పాలు, గోధుమ రొట్టె, గింజపప్పులు ఉంటాయి. ఇడ్లీ పక్కన పల్లీ చట్నీ సరేసరి. వేపుళ్ళకు వేరుశెనగ నూనె వాడారేమో, ఒకే మూకుడులో రొయ్యలూ ఆలూ ముక్కలూ వేయించారేమో కూడా విచారించాలి.

ప్యాకెట్లపై గ్లూటెన్ గల ధాన్యాలు, పాలు, గుడ్లు, చేపలు, రొయ్యల జాతి, వేరుశెనగ, గింజపప్పులు, సోయా వంటి వాటిని ప్రకటించాలని ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. 2020 నిబంధనలు చెబుతున్నాయి. ఆ జాబితాలో నువ్వులు లేవు. కనుక నువ్వులు పడని బిడ్డ ఉంటే పదార్థాల పట్టిక మొత్తం చదవక తప్పదు.

బయలుదేరే ముందు, అక్కడికి చేరాక

చాలా ఉద్యానవనాలు బయటి ఆహారాన్ని అనుమతించవు. ముందుగానే ఫోన్ చేసి బిడ్డ పరిస్థితి వివరించి, వైద్యుని చీటీ దగ్గర ఉంచుకోవాలి. ప్రథమ చికిత్స కేంద్రం ఎక్కడుందో లోపలికి అడుగుపెట్టగానే తెలుసుకోవాలి.

తీవ్రమైన అలెర్జీకి మొదటి మందు తొడ కండరానికి ఇచ్చే అడ్రినలిన్ సూదిమందు. సాధారణ అలెర్జీ మాత్రలు దురదను తగ్గిస్తాయి గాని ఆగిపోతున్న ఊపిరిని నిలపలేవు. ఆ సూదిమందు ఏ రూపంలో, ఎంత మోతాదులో ఉంచుకోవాలో, ఎలా ఇవ్వాలో వైద్యుని వద్ద ముందే నేర్చుకోవాలి. నీటి ఆటల దగ్గర సంచులన్నీ లాకర్లో పెట్టడం పరిపాటి. మందు మాత్రం లాకర్లో ఉండరాదు, నీటిలో దిగని ఒక పెద్దవారి చేతిలో ఉండాలి. ఎండలో నిలిపిన కారులో దానిని వదిలితే చెడిపోతుంది.

ప్రమాదం తలెత్తితే ఆలస్యం చేయక సూదిమందు ఇచ్చి 108కి ఫోన్ చేయాలి. బిడ్డను పడుకోబెట్టి కాళ్ళు ఎత్తులో ఉంచాలి. ఊపిరి ఆడకపోతే కూర్చోబెట్టవచ్చు, నడిపించరాదు. కాస్త తేరుకున్నా ఆసుపత్రికి తీసుకుపోవాలి, ఎందుకంటే కొన్ని గంటల తరువాత లక్షణాలు తిరగబెట్టవచ్చు.

బిడ్డ మనసు

ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని తినడం మన ఇళ్ళలో అందమైన ఆచారం. ఆ పళ్ళెంలో సాలన్ పడితే అలెర్జీ ఉన్న బిడ్డ లేచి పక్కకు వెళ్ళాలి. తోబుట్టువులు ఐస్‌క్రీం తింటుంటే చూస్తూ నిలబడాలి. ఆ ఒక్కరోజుకు అందరమూ ఆ బిడ్డ తినగలిగినదే తింటే ఏమి పోతుంది? దైవప్రవక్త (స) ఉడుము మాంసాన్ని తాము తినలేదు, తింటున్న హజ్రత్ ఖాలిద్ (రజి)ను వారించనూ లేదు. ఒకరు వద్దన్నదానిని బలవంతంగా తినిపించడం మర్యాద కాదని ఇందులో మనకు పాఠముంది. 'నాకు ఇది పడదు, ఇందులో ఏముంది?' అని బెరుకు లేకుండా అడగడం ఆ బిడ్డకూ నేర్పాలి. హలాలేనా అని అడగడానికి మనం ఎన్నడూ సిగ్గుపడలేదు. రెండవ ప్రశ్నకు సిగ్గెందుకు?

బిడ్డలు మనకు అల్లాహ్ అప్పగించిన అమానతు. ఆ అమానతును కాపాడే వివేకాన్ని, సంతోషంతో వెళ్ళి క్షేమంగా ఇల్లు చేరే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.