ఎలక్ట్రానిక్ పుస్తకమునకు ఆశ్వాసాంత గద్య

మన ప్రాచీన కావ్యములందు ప్రతి ఆశ్వాసాంతమునను ఒక గద్య యుండును. కవి పేరు, తండ్రి పేరు, కావ్యనామము, అది యెన్నవ ఆశ్వాసమో ఆ గద్య చెప్పును. తాళపత్రముల కట్ట విడిపోయి ఆకులు చెదరినను, గద్య యున్న ఆకు దొరకినచో గ్రంథమేదో, కర్త యెవ్వరో తెలిసికొనవచ్చును. గ్రంథమును గూర్చి గ్రంథమే చెప్పుకొను ఇట్టి వివరమును నేటి గ్రంథాలయశాస్త్రము ‘మెటాడేటా’ అనుచున్నది.

ఎలక్ట్రానిక్ పుస్తకమునకును ఇట్టి గద్య కలదు. ‘ఈపబ్’ అను రూపమున నున్న పుస్తకము నిజమునకు ఒక జిప్ మూట. అందు అధ్యాయములు, బొమ్మలతోపాటు ‘ఓపీఎఫ్’ అను చిన్న పత్రమొకటి యుండును. శీర్షిక, కర్త, భాష, ప్రచురణకర్త మొదలగునవి దానిలో వ్రాయబడును. 1995లో అమెరికాలో, ఒహైయో రాష్ట్రమందలి డబ్లిన్ పట్టణమున జరిగిన సమావేశములో అంకురించిన ‘డబ్లిన్ కోర్’ అను 15 అంశముల పట్టికయే దీనికి ఆధారము.

ఈ పత్రమును చూచుటకును దిద్దుటకును సాధనములు కలవు. కోవిద్ గోయల్ 2006లో ఆరంభించిన ‘కాలిబర్’ ఉచితముగా లభించును. దానితోపాటు వచ్చు ‘ఈబుక్-మెటా’ అను ఆజ్ఞ మిక్కిలి ఉపయోగకరము. ఆజ్ఞలు టైపు చేయు ‘టెర్మినల్’ తెరచి, ఈ మాటయు, దాని ప్రక్కన ఫైలు పేరును వ్రాసినచో వివరములన్నియు తెరపై కనబడును. ‘టైటిల్’, ‘ఆథర్స్’, ‘లాంగ్వేజ్’ అను సూచనలను చేర్చినచో ఫైలులోనే మార్పు జరుగును.

మౌసుతో దిద్దుటకంటె ఇందేమి లాభమని అడుగవచ్చును. నాలుగు పంక్తుల ఆజ్ఞావళి వ్రాసికొన్నచో నూరు పుస్తకముల భాష తెలుగని ఒక్కసారిగా గుర్తింపవచ్చును. అయితే ముందుగా ప్రతులను వేరొకచోట భద్రపరచవలెను. ఏలయన, యంత్రము ఒప్పును ఎంత వేగముగా చేయునో తప్పును గూడ అంత వేగముగనే చేయును.

తెలుగువారికి ఇందొక ప్రత్యేకమైన చిక్కు కలదు. పాశ్చాత్యులకు ఇంటిపేరు చివర వచ్చును. కావున కాలిబర్, మనము వేరుగా చెప్పనిచో, కర్తల వరుసక్రమము కొరకు చివరి మాటను ముందునకు తెచ్చును. అప్పుడు విశ్వనాథ సత్యనారాయణ ‘సత్యనారాయణ, విశ్వనాథ’ యగును. ‘వి’ అక్షరముకడ వెదకిన విద్యార్థి ఆ మహాకవి గ్రంథములు లేవనుకొని వెడలిపోవును. ‘ఆథర్-సార్ట్’ అను సూచనతో సరియైన క్రమమును మనమే వ్రాసి ఈ దోషమును తొలగింపవచ్చును. అట్లే ఒకచోట శ్రీశ్రీ యనియు, వేరొకచోట శ్రీరంగం శ్రీనివాసరావు అనియు ఉన్నచో యంత్రము వారిని ఇద్దరు కవులుగా నెంచును. ఏదో యొక రూపమును నిర్ణయించుకొని దానినే అంతట పాటింపవలెను.

చదువరి కాలము వృథా కారాదని రంగనాథన్‌గారు 1931లో ప్రకటించిన గ్రంథాలయ సూత్రములలో నాలుగవది. పాఠశాలలో ఎలక్ట్రానిక్ పుస్తకములున్నచో, విద్యార్థి కొక్కింటికి పది చొప్పున పంచి వాని వివరములు సరిచూడుమనుట మంచి అభ్యాసము. ఆజ్ఞను పాటించుట యంత్రము పని. కవి ఇంటిపేరేదో చెప్పుట మన పని.