రెండే తలుపులు

స్విమ్మింగ్ పూల్‌కి ఐదేళ్ల కూతురితో వచ్చిన తండ్రి ముందు రెండు తలుపులుంటాయి. ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గదిలోకి తాను వెళ్లలేడు. మగవాళ్ల గదిలోకి పిల్లను తీసుకెళ్లాలంటే ఇబ్బంది. ఒంటరిగా పంపుదామా అంటే తడి నేల, తెలియని మనుషులు. కొడుకుతో వచ్చిన తల్లిదీ ఇదే ఇరకాటం.

దీనికి చాలా దేశాలు వెతుక్కున్న మందు వయోపరిమితి. బ్రిటన్‌లో చాలా పూల్స్‌లో ఎనిమిదేళ్లు నిండితే ఎవరి గది వారిదే. ఊరుమ్మడి స్నానశాలల అలవాటున్న తూర్పు ఆసియాలోనైతే ఈ గీత ప్రభుత్వ నిబంధనల్లోకే ఎక్కింది. పైగా కిందికి జరుగుతోంది. దక్షిణ కొరియా స్నానశాలల్లో 2003లో ఏడేళ్ల నుంచి ఐదుకు, 2022 జూన్‌లో నాలుగుకు దిగింది. బట్టలు మార్చుకునే గదులకూ అదే నియమం. జపాన్ ఆరోగ్యశాఖ 2020 డిసెంబర్‌లో పదేళ్ల హద్దును ఏడుకు తగ్గించింది. అంతకుముందు సిగ్గు ఎప్పుడు మొదలైందని పిల్లలనే అడిగితే, ఎక్కువమంది చెప్పిన వయసు ఆరేళ్లు. ఇబ్బందంతా పెద్దలదేననుకునే వారు గమనించాల్సిన సంగతి.

హద్దు తగ్గితే తోటివారికి ఊరటే. మరి తల్లి తోడు లేని నాలుగేళ్ల పిల్లకు తల తుడిచి బట్టలేసేదెవరు? నిబంధన అంతదూరం ఆలోచించలేదు. బ్రిటన్‌లో ఇటీవలి పూల్స్ చాలావాటిలో అందరికీ ఒకే హాలు, లోపల గడియపెట్టుకునే చిన్న గదులు, కుటుంబాలకు కాస్త పెద్దవి ఉంటున్నాయి. అక్కడ పిల్లల వయసుతో పనిలేదు. ఆడామగా ఒకే హాల్లో తిరగడంపై మహిళల అభ్యంతరాలు మాత్రం ఆగలేదు. పాత పూల్స్‌లో అలాంటి గదులకు గోడలు పడగొట్టాలి కాబట్టి, అక్కడ ఇంకా బోర్డు మీది అంకెతోనే నెట్టుకొస్తున్నారు.