సుడిదోమ: దాని దేహము, వరి కణము

స్టూవర్టుపురము, బాపట్ల ప్రాంతములలో వరి పండించువారికి సుడిదోమ క్రొత్తది కాదు. సంఘమున అప్పు తీసికొని పెంచిన చేను, వెన్ను పాలుపోసికొను వేళ వలయములుగా మాడిపోవుట మనము చూచుచునే యున్నాము.

పేరేగాని యిది దోమ కాదు. దోమకు రెక్కలు రెండు, దీనికి నాలుగు. వెన్నెముక లేని యీ జీవికి పైతోలే యెముక. ఆ తోలు పెరుగదు గావున పిల్లపురుగు అయిదుమాఱులు కుబుసము విడుచును.

ప్రాణుల దేహములు కణములను మిక్కిలి చిన్న గదులతో నేర్పడినవి. పురుగు కణమునకు పలుచని పొర మాత్రమే. వరి కణమునకు దానిపై గట్టి గోడయు గలదు. సుడిదోమ యా గోడలను నమలజాలదు. సూదివంటి నోటిని దింపి, ఆకులలో తయారైన తీపిరసము వేళ్లకు దిగు నాళములనుండి పీల్చును. వేళ్లు పస్తుండును, దుబ్బు ఎండును.

బాపట్ల పరిశోధనాక్షేత్రమునుండి 1986లో వెలువడిన సాంబ మసూరి దీనికి సులభముగా లొంగును. యూరియా మితిమీరిన, అది మఱింత ప్రబలును. నాట్లనాడే 2 మీటర్లకొకటి చొప్పున జానెడు బాట విడువుడు. పురుగు కనబడినపుడు నీరు తీసి ఆరగట్టుడు. సింథటిక్ పైరిత్రాయిడు మందులు చల్లకుడు. అవి సుడిదోమను తినెడి సాలెపురుగులను ముందుగా చంపును. ఆకులపై వెదకిన లాభము లేదు. వారమునకొకసారి దుబ్బులను ప్రక్కకు వంచి, నీటిమట్టమునకు పైన, మొదళ్లయొద్ద చూడవలెను.