మంచి ముక్కలే ముంచేస్తాయి!

సంక్రాంతి నాలుగు రోజులూ దమ్మపేట చుట్టుపక్కల ఊళ్లలో రెండే సందళ్లు. సరిహద్దు దాటి ఆంధ్ర వైపు కోడిపందేలకు వెళ్లేవాళ్లు కొందరు. జీడిమామిడి చెట్టు కింద దుప్పటి పరిచి పేక పట్టేవాళ్లు ఇంకొందరు.

పదమూడు ముక్కల రమ్మీలో దరిద్రపు ముక్కలు పడ్డవాడికి పెద్ద నష్టం ఉండదు. మొదటే డ్రాప్ అంటాడు, 20 పాయింట్లు రాయించుకుని టీ తాగుతాడు. చిక్కల్లా మంచి ముక్కలొచ్చినవాడికే!

ఈ చెయ్యి చూడండి. మూడు రాజులు, మూడు రాణులు, రెండు జోకర్లు. మిగతా ఐదూ పొంతన లేనివి. పట్టుకున్నవాడి ముఖం వెలిగిపోతుంది. కానీ ఇందులో లైఫ్ లేదు. అంటే జోకర్ సాయం లేకుండా ఒకే రంగులో వరసగా కుదిరిన మూడు ముక్కలు లేవు. అది లేనంతవరకు ట్రిప్లెట్లు ఎన్ని ఉన్నా లెక్కలోకి రావు. ఎదుటివాడు షో కొట్టాడా... బొమ్మలకే 60 పాయింట్లు, మిగతావి కలిస్తే ఫుల్ కౌంట్, 80! మొదటే వదిలేస్తే పోయేది 20. పాయింటుకు పది రూపాయల ఆటలో ఈ తేడా 600 రూపాయలు, అదీ ఒక్క ఆటకి. జీడిగింజలు అమ్మిన డబ్బు ఇంటికి చేరకుండానే కరిగిపోయేది ఇలాగే.

మధ్యలో 40 ఇచ్చి తప్పుకోవచ్చు. జోకర్లు చేతిలో ఉండగా ఎవడు తప్పుకుంటాడు? ‘ఇంకొక్క ముక్క పడితే చాలు’ అంటూ కూర్చుంటాడు. రెండు పేకల ఆటలో ఇస్పేటు ఎనిమిది రెండే ఉంటాయి. ఒకటి ఎప్పుడో కిందపడింది, రెండోది పక్కవాడి చేతిలో ఉంది. పడ్డ ముక్కలు గుర్తుంచుకునేవాడికి ఆ సంగతి తెలుస్తుంది. జోకర్లను చూసి మురిసేవాడికి తెలియదు.

ఈ జబ్బు మనకే కాదు. అమెరికాలో లోబాల్ అనే పోకర్ ఉంది. అందులో చిన్న ముక్కలవాడిదే గెలుపు. తొమ్మిది దాటని ఐదు ముక్కలు పంచగానే వచ్చినవాడు, ఇక మార్చేదేముందని పందెం పెంచేస్తాడు. ఎదుటివాడు ఒక్క ముక్క మార్చి, ఏడు దాటని చెయ్యి చూపించి డబ్బు ఊడ్చుకుపోతాడు.

ఏది పట్టాలో, ఏది వదలాలో తెలియాలి, పడ్డ ముక్కలు గుర్తుండాలి కాబట్టే రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని సుప్రీంకోర్టు 1967లో చెప్పింది. సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు కేసు అది. 2017లో తెలంగాణ చట్టం మార్చి, డబ్బు పెట్టి ఆడే రమ్మీకి ఆ మినహాయింపు తీసేసింది. సెల్‌ఫోన్లో డబ్బుతో ఆడే ఆటలను 2025లో కేంద్రమే నిషేధించింది. ఇప్పుడు చెట్టు కిందికి పోలీసులొస్తే లైఫ్ ఉందా లేదా అని అడగరు. ముక్కలతోపాటు దుప్పటి మీది డబ్బూ పట్టుకుపోతారు.