సైకిల్ కొంటున్నారా? 'పెద్దయ్యాక సరిపోతుందిలే' అనేముందు ఒక రౌండ్ తొక్కించండి!

కొత్తవలస: పిల్లలు హైస్కూల్‌కి వచ్చారంటే చాలు, ఇంట్లో సైకిల్ గోల మొదలు. షాపుకెళ్తారు, రంగు చూస్తారు, గేర్లున్నాయా అని అడుగుతారు, గంటసేపు బేరమాడతారు. కానీ తొక్కాల్సిన పిల్లాడిని ఎక్కించి చూసేవాళ్లు తక్కువే.

విజయనగరం జిల్లా కొత్తవలస లాంటి చోట ఇది చిన్న విషయం కాదు. విశాఖ నుంచి ఎస్.కోట మీదుగా అరకు వెళ్లే రోడ్డు ఈ ఊరి మీదుగానే పోతుంది. లారీలు, బస్సులు, సీజన్‌లో టూరిస్టుల కార్లు.. అలాంటి రోడ్డు ఎక్కే పిల్లాడికి ఆగినప్పుడు కాలు నేలకు అందకపోతే? బ్రేకు వేళ్లకు అందకపోతే?

అసలు తప్పు సైజు దగ్గరే

'రెండేళ్లు ఎక్కువ వస్తుంది కదా' అని పెద్ద సైజు కొనేస్తారు. చొక్కా అయితే వదులైనా పర్లేదు, సైకిల్ అలా కాదు. వెనకటి రోజుల్లో నాన్న సైకిల్ కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కి నేర్చుకున్నారు నిజమే. అప్పటి రోడ్లపై ఇంత ట్రాఫిక్ లేదు మరి!

పిల్లల సైకిళ్లు 20, 24 అంగుళాలు, పెద్దవాళ్లకు 26 అంటూ చెప్పే నంబరు చక్రం సైజు మాత్రమే. చక్రం ఒకటే అయినా ఫ్రేమ్ ఎత్తు కంపెనీని బట్టి మారుతుంది. అందుకే నంబరు చూసి కాదు, ఎక్కించి చూడాలి. కడ్డీకి రెండు వైపులా కాళ్లు పెట్టి నిలబడితే మధ్యలో ఒకటి రెండు అంగుళాల ఖాళీ ఉండాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లయితే సీటుపై కూర్చున్నా రెండు కాళ్ల ముని వేళ్లు నేలకు తగలాలి. బ్రేకు లివర్ దూరంగా ఉందా? చాలా లివర్లకు చిన్న స్క్రూ ఉంటుంది, తిప్పితే దగ్గరకొస్తుంది. షాపువాళ్లనే అడగండి.

తొక్కేటప్పుడు ఏం చూడాలి?

షాపులో మెరిసే సైకిల్ కంపెనీ నుంచి పూర్తిగా బిగించి రాదు. హ్యాండిల్, పెడల్స్, ముందు చక్రం లాంటివి షాపులోనే బిగిస్తారు. ఆన్‌లైన్‌లో కొంటే ఆ పని చాలాసార్లు మన నెత్తినే పడుతుంది. కాబట్టి తొక్కి చూడటం అంటే ఫిట్టింగ్‌ని కూడా పరీక్షించడమే.

ముందు గాలి కొట్టించాలి, లేదంటే మంచి సైకిలైనా బరువుగా అనిపిస్తుంది. ముందు బ్రేకు పట్టుకుని సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపితే హ్యాండిల్ దగ్గర టకటకలాడిందా, అక్కడ లూజున్నట్టే. చక్రం ఎత్తి తిప్పితే రిమ్ము అటూ ఇటూ ఊగకూడదు. పిల్లాడి స్కూల్ బ్యాగ్ తీసుకెళ్లండి. రోజూ తొక్కేది ఆ బరువుతోనే కదా! బ్యాగ్ తగిలించి, ట్రాఫిక్ లేని వీధిలో ఐదు పది నిమిషాలు తొక్కించండి. మలుపు తిప్పించండి, కాస్త ఎత్తు ఎక్కించండి. గట్టిగా తొక్కినప్పుడు చైన్ జారితే అక్కడికక్కడే సరిచేయించుకోవాలి. వేగంలో ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టొద్దని ముందే చెప్పాలి.

'టైర్లకు మట్టి అంటితే ఇంకెవరూ కొనరు' అని షాపువాళ్లు ఒప్పుకోకపోవచ్చు. వాళ్ల బాధా న్యాయమే. కొంత అడ్వాన్స్ ఇచ్చి అడిగితే దారికొస్తారు. అయినా కుదరదంటే షాపు ముందైనా నాలుగు అడుగులు తొక్కనివ్వమనండి. అదీ లేదంటే ఇంకో షాపు చూసుకోవడమే మేలు.

బిల్లు మాత్రం తప్పకుండా తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్లపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. కొత్త సైకిల్‌కి మొదటి కొన్ని వారాల్లో బ్రేకు వైర్లు, స్పోకులు కాస్త వదులవుతాయి. వాటిని ఉచితంగా బిగిస్తారో లేదో డబ్బులు కట్టేముందే అడగండి.