విరగ్గొట్టకుండా అతుకును పరీక్షించగలమా?

సంతలో కుండ కొనేటప్పుడు మా అమ్మమ్మ వేలు మడిచి దాన్ని కొట్టి చూసేది. ఖంగుమంటే మంచిది, బొంగురుగా పలికితే ఎక్కడో బీట ఉన్నట్టు. తాపీమేస్త్రీ కూడా అంతే, గోడ తట్టి గుల్ల చప్పుడు వచ్చినచోట ప్లాస్టరు వదిలేసిందంటాడు. జిగురుతో అతికించిన విమానపు రేకులను కూడా నాణెంతో తట్టి చూస్తారంటే మీరు నవ్వవచ్చు. ఆ పద్ధతి నేటికీ పోలేదు సుమా!

దానికంటే సున్నితమైనది అల్ట్రాసానిక్ పరీక్ష. మన చెవికి సెకనుకు 20,000 కంపనాలకు మించి వినపడవు. ఇక్కడ వాడేది 50 లక్షల కంపనాల శబ్దం. రేకు మీద కాస్త గ్రీజు పూసి ప్రోబు ఆనిస్తే శబ్దం లోపలికి పోతుంది. జిగురు పట్టినచోట కొంత అవతలికి దాటుతుంది. మధ్యలో గాలి ఖాళీ ఉందా, దాదాపు మొత్తం వెనక్కి వచ్చేస్తుంది. తెర మీద ఆ తేడా ఇట్టే తెలిసిపోతుంది.

ఇంతవరకు బాగానే ఉంది. అసలు చిక్కు నాకు ప్రయోగశాలలో తెలిసొచ్చింది. రెండు జతల అల్యూమినియం పట్టీలు ఎపాక్సీతో అతికించాను. ఒక జతను శుభ్రంగా కడిగాను. రెండో జతకు కావాలనే తలనూనె వేళ్ళతో రాశాను. తెర మీద రెండూ ఒకేలా కనిపించాయి! లాగి చూస్తే మొదటిది యంత్రాన్నే మొరాయింపజేసింది. రెండోది చేతికే ఊడొచ్చింది. దీన్ని కిస్సింగ్ బాండ్ అంటారు. (పేరు వినగానే వెనక బెంచీల వాళ్ళు చేసిన గోల ఇక్కడ రాయను.)

కారణం ఏమిటంటే, అల్యూమినియంలో ఆ శబ్దపు అల పొడవు మిల్లీమీటరు పైచిలుకు. నూనె పొర అందులో నూరోవంతు కూడా ఉండదు. జిగురూ లోహమూ ఆనుకునే ఉన్నాయి గనుక శబ్దం దాటిపోతుంది. ఆనుకోవడం వేరు, అంటుకోవడం వేరు. ఖాళీ ఎక్కడుందో యంత్రం చెబుతుంది గాని, పట్టు ఎంతో చెప్పలేదు.

పట్టు వదిలితే ఏమవుతుందో 1988 ఏప్రిల్ 28న హవాయి దీవుల్లో లోకం చూసింది. 24,000 అడుగుల ఎత్తున అలోహా ఎయిర్‌లైన్స్ వారి బోయింగ్ 737 పైకప్పు సుమారు 18 అడుగుల మేర ఎగిరిపోయింది. ఒక ఎయిర్ హోస్టెస్ గాలిలోకి కొట్టుకుపోయారు. అప్పటికి ఆ విమానం 89,680 సార్లు ఎగిరింది. రేకుల అతుకులో జిగురు వదిలి, తుప్పు చేరి, బరువంతా రివెట్ల మీద పడి, రంధ్రాల దగ్గర పగుళ్ళు పాకాయి.

అందుకే పనివాళ్ళు అతికించడానికి ముందే జాగ్రత్తపడతారు. కడిగిన రేకు మీద నీళ్ళు పోస్తారు. పలుచని పొరలా పరుచుకుంటే సరే. చేమాకు మీద నీళ్ళలా బొట్లు కట్టిందో, మళ్ళీ కడగాల్సిందే. ఇక అసలు అతుకుతోపాటే, అదే జిగురుతో, అదే ఓవెన్లో చిన్న నమూనా పట్టీలు కూడా అతికిస్తారు. విమానాన్ని విరగ్గొట్టలేరు కదా, వీటినే విరగ్గొట్టి చూస్తారు.