పాత మిద్దెకు కొత్త సొగసు

గృహాలంకరణము ధనవంతుల వేడుక యని పలువురి అభిప్రాయము. మన తనకల్లు ప్రాంతపు పాత మిద్దెలను పరిశీలించినచో అది నిజము కాదని తెలియగలదు.

మందపాటి రాతిగోడలు, పైన చవుడు మట్టి కప్పు ఎండవేడిమిని త్వరగా లోనికి రానీయవు. ఆ కప్పుపై వానలకు ముందు కొత్త చవుడు పరచుట పెద్దల అలవాటు. మట్టితో కట్టిన గోడకు సిమెంటు పూసినచో చెమ్మ లోపలనే నిలిచి గోడ చెడును. సున్నమైనచో చెమ్మ ఆరును, చీకటిగదికి వెలుగు వచ్చును. గోడలోని గూటిని ఉర్దూలో తాఖ్ అందురు. దానిని పూడ్చివేయక పుస్తకములకు వినియోగింపవచ్చును.

ఇక దీపమునకు తగిన తొడుగు మన శ్రీ సత్యసాయి జిల్లాలోనే కలదు. ధర్మవరము సమీపమున గల నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులు, ఆటకు ఆదరణ తగ్గుటచే, మేకతోలుపై రంగుల చిత్రములు వ్రాసి విద్యుద్దీపములకు తొడుగులు చేయుచున్నారు. ఆ గ్రామమునకు చెందిన దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ప్రకటింపబడినది.

మిద్దెను పడగొట్టి పరాయి అలంకారములు కొనుటకంటె, ఉన్న గోడను కాపాడి, పొరుగు కళాకారునకు పని కల్పించుట మేలని విద్యార్థిమిత్రులకు మా విన్నపము.